జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి ఎస్సార్ (సర్వీస్ రిజిస్టర్) చూసుకోండి

మాది రాష్ట్ర ప్రభుత్వ జిల్లా ఆఫీసు. ఉద్యోగుల సర్వీసు, సెలవుల లెక్కలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో నాకిది ఇరవై రెండో ఏడు. "మేడమ్, నాకు లీవులెన్ని ఉన్నాయి?" అని అడగని రోజుండదు. ఆ లెక్క మీ దగ్గరే ఉండాలి.

సీఎల్ (క్యాజువల్ లీవ్) ఏడాదికి 15. డిసెంబరు 31 దాటితే మిగిలినవి పోతాయి కాబట్టి చిన్న పనులకు ముందు ఇవే వాడండి. మధ్యలో ఆదివారమొస్తే అది సీఎల్‌లో కోత పడదు, కానీ సెలవు రోజులతో కలిపి ఒకేసారి 10 దాటకూడదు.

ఈఎల్ (ఎర్న్డ్ లీవ్, అంటే సర్వీసుతో సంపాదించుకునే సెలవు) లెక్క వేరు. రెగ్యులర్ ఉద్యోగికి జనవరి 1న 15, జులై 1న 15 ముందుగానే జమవుతాయి. జీతం లేని సెలవు పెట్టి ఉంటే, ఆ రోజుల్లో పదోవంతు తర్వాతి జమలో తగ్గిస్తారు. 300 వరకు దాచుకోవచ్చు, రిటైరయ్యేటప్పుడు అవి డబ్బుగా చేతికొస్తాయి. వేసవి సెలవులుండే టీచర్లకు మాత్రం ఈ జమ బాగా తక్కువ.

సోమవారం మొదలుపెట్టి పై వారం శనివారం దాకా ఈఎల్ పెట్టారనుకోండి, మధ్య ఆదివారంతో కలిపి 13 తగ్గుతాయి. ముందూ వెనకా ఆదివారాలు తగ్గవు. అయితే ప్రిఫిక్స్, సఫిక్స్‌కు, అంటే ముందూ వెనకా వచ్చే ఆ సెలవు రోజులు కలుపుకోవడానికి, అనుమతి కావాలని దరఖాస్తులోనే రాయాలి. చాలామంది మరిచిపోయేది ఆ ఒక్క వాక్యమే.

జబ్బు చేస్తే ఈఎల్ ముట్టుకోకండి. ఏడాది సర్వీసుకు 20 చొప్పున హాఫ్ పే లీవ్ (సగం జీతపు సెలవు) ఉంటుంది. మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కమ్యూట్ చేయించుకుంటే, అంటే పూర్తి జీతపు సెలవుగా మార్పించుకుంటే, పూర్తి జీతమొస్తుంది, ఖాతాలో రోజుకు రెండు తగ్గుతాయి.

రిటైర్మెంటుకు నాలుగు నెలలుందనగా ఒక ఆఫీస్ సబార్డినేట్ గారి ఎస్సార్ తెరిచాను. లీవ్ అకౌంట్ పేజీలో మూడు అర్ధ సంవత్సరాల గళ్లు ఖాళీ. బదిలీ అయిన ఏడాదిన్నరలో ఎవరూ రాయలేదు. అంటే 45 రోజుల జీతం! పాత ఆఫీసుకెళ్లి, జీతాల బిల్లుల కట్టలు దులిపి, ఒక్కో నెలా సరిచూసి రాయించేసరికి మూడు వారాలు పట్టింది. ఆయన రోజూ నా టేబుల్ దగ్గరికొచ్చి, ఏమీ అడగకుండా నిలబడి వెళ్లేవారు. ఆ ముఖం నేను మరిచిపోలేను.

అందుకే బదిలీ మీద రిలీవయ్యే రోజు లీవ్ అకౌంట్ పేజీ చూడకుండా కదలకండి. డూప్లికేట్ ఎస్సార్ తెచ్చుకోండి, అందులోనూ అదే ఎంట్రీ వేయించి సంతకం పెట్టించుకోండి. మొహమాటపడొద్దు, నేనైతే పని ఆపి మరీ తీసి చూపిస్తాను.