పక్షవాతం తర్వాత తూలి పడిపోతున్నారా? ఎప్పుడు తూలుతున్నారో ముందు చూడండి

"కాల్లో బలం లేదండీ, అందుకే పడిపోతున్నారు." ఫిజియోథెరపీ చేయించడానికి ఏ ఇంటికి వెళ్లినా ఇదే మాట. కారణం చాలాసార్లు బలం ఒక్కటే కాదు. లేస్తున్నప్పుడా, తిరుగుతున్నప్పుడా, గడప దాటుతున్నప్పుడా? రెండు రోజులు గమనించి రాసిపెట్టండి.

లేవగానే కళ్లు తిరుగుతున్నాయి

నిలబడగానే బీపీ పడిపోతుండవచ్చు. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడండి. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే డాక్టరుకు చెప్పండి. మాత్రలు మీరే ఆపేయొద్దు. లేచే ముందు మంచం అంచున కాసేపు కూర్చోబెట్టండి.

కుర్చీలోంచి లేస్తూ వెనక్కి కూలబడుతున్నారు

ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది ఇదే. పాదాలు ముందుకు చాచి ఉంటాయి, బరువంతా బాగున్న కాలి మీదే ఉంటుంది. ఒక పెద్దాయన వీక్‌గా ఉన్న మోకాలి మీద అరచెయ్యి ఆనించి, "బాబాయ్ గారూ, లేచేటప్పుడు ఈ కాలితో కూడా నేలను నొక్కండి" అన్నాను. నాలుగోసారికి ఆ మడమ నేలకు గట్టిగా ఆనింది. ఆయన మొహం చూడాలి అప్పుడు!

పాదాలు మోకాళ్లకన్నా కాస్త వెనక్కి పెట్టించండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి లేవమనండి. కుంగిపోయే నవారు మంచం వద్దు, ఎత్తైన గట్టి కుర్చీ గోడకు ఆనించి వేయండి. ఓపికను బట్టి పూటకు ఐదు నుంచి పదిసార్లు చాలు. అది కుదిరాక, వంటగట్టు పట్టుకుని నిలబడి బరువును మెల్లగా అటూ ఇటూ మార్చడం మొదలుపెట్టించండి. పక్కన మనిషి లేకుండా ఏదీ చేయించొద్దు.

కాలివేళ్లు నేలకు తగులుతున్నాయి

పాదం పైకి లేవక వేలాడుతోందన్నమాట. హవాయి చెప్పులు మాన్పించి, మడమ వెనక పట్టీ ఉన్నవి తొడగండి. ఏఎఫ్‌ఓ స్ప్లింట్ (పాదం వేలాడకుండా చీలమండను పట్టి ఉంచేది) కావాలేమో ఫిజియోథెరపిస్టును అడగండి. చేతికర్ర బాగున్న చేతిలోనే ఉండాలి. మెట్టు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు వీక్‌గా ఉన్న కాలు ముందు.

ఎడమ వైపు గుమ్మానికి గుద్దుకుంటున్నారు

చూపు బాగానే ఉండొచ్చు. మెదడు కుడి భాగం దెబ్బతింటే ఎడమ పక్క ఒకటుందనే ధ్యాసే పోవచ్చు. దీన్ని పరధ్యానం అనుకుని కసురుకోకండి, పాపం. గుమ్మానికి ఎడమ అంచున ఎర్ర టేపు అంటించి, దాన్ని వెతికి చూశాకే అడుగు వేయమనండి.

నడిపించేటప్పుడు

వీక్‌గా ఉన్న వైపు, కాస్త వెనగ్గా నిలబడి నడుము బెల్టు పట్టుకోండి. ఆ చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారవచ్చు. బాత్రూంలో నేల పొడిగా ఉంచి, గోడకు స్టీలు రాడ్ బిగించండి. తువ్వాలు వేసుకునే రాడ్ మనిషి బరువు ఆపదు.

నిన్నటిదాకా బాగా నడిచిన మనిషి ఉన్నట్టుండి తూలినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు పడినప్పుడు తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లండి.