ఒకే కంప్యూటర్‌కు పలు పరికరాలు: డ్రైవర్ల తగువును తీర్చుకునే విధానం

హనుమకొండ, కాజీపేట ప్రాంతాల్లోని మీసేవ, ఆన్‌లైన్ కేంద్రాల్లో ఒకే కంప్యూటర్‌కు ప్రింటర్, స్కానర్, వెబ్‌క్యామ్, వేలిముద్ర యంత్రం అన్నీ తగిలించి ఉంటాయి. వాటిలో ఒకదాన్ని మార్చగానే మరొకటి మొరాయిస్తే, చాలామంది ఇంటర్నెట్‌లో కనబడిన డ్రైవర్‌ను (పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్‌ను) దింపి పాతదాని మీదే ఎక్కిస్తారు. సమస్య ముదిరేది అక్కడే. తగువు పెడుతున్న పాత డ్రైవర్‌ను తీసేయకుండా దాని మీదే కొత్తదాన్ని ఎక్కిస్తే తగువు తీరకపోవచ్చు.

ముందుగా రీస్టోర్ పాయింట్ (ఏదైనా చెడితే విండోస్‌ను ఇప్పటి స్థితికి వెనక్కి తెచ్చుకునే ఏర్పాటు) ఒకటి పెట్టుకుని, ఈమధ్య ఏం మారిందో గుర్తు చేసుకోవాలి. కొత్త పరికరం వచ్చిందా, విండోస్ అప్‌డేట్ అయిందా, తీగను వేరే పోర్టులో పెట్టారా అన్నది చూడాలి. ఆపైన కీబోర్డు, మౌస్ తప్ప మిగతా యూఎస్‌బీ తీగలన్నీ తీసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, పరికరాలను ఒక్కొక్కటిగా కలుపుతూ, కలిపిన ప్రతిసారీ అంతకుముందు కలిపినవన్నీ పనిచేస్తున్నాయో లేదో పరీక్షిస్తే, ఏది వచ్చాక ఏది ఆగిందో తేలిపోతుంది. సర్టిఫికెట్ల కోసం జనం బారులు తీరిన వేళ ఇది సాగే పని కాదు కనుక, పొద్దున కేంద్రం తెరవకముందే చేసుకోవాలి.

స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిస్తే, ఇబ్బందిలో ఉన్న పరికరం పక్కన పసుపు గుర్తు కనిపిస్తుంది. దాని ప్రాపర్టీస్‌లో ఉండే కోడ్ సంఖ్యను తప్పక చదవాలి. 28 అంటే డ్రైవర్ లేదని, 10 అంటే పరికరం మొదలు కాలేకపోయిందని, 52 అంటే డ్రైవర్ డిజిటల్ సంతకాన్ని విండోస్ ధ్రువీకరించలేకపోయిందని అర్థం. 43 వస్తే మాత్రం డ్రైవర్ జోలికి పోయే ముందు తీగనూ పోర్టునూ మార్చి చూడాలి. అప్‌డేట్ తరువాతే చెడితే డ్రైవర్ ట్యాబ్‌లోని రోల్ బ్యాక్‌తో అంతకుముందున్న డ్రైవర్‌కు తిరిగి వెళ్తే సరిపోవచ్చు. లేదంటే వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ ఎంచుకుని, వెలిసినట్లు కనిపించే పాత పరికరాల్లో ఇక వాడనివాటిని అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. అప్పుడు డ్రైవర్‌ను కూడా తొలగించమనే గడి కనిపిస్తే టిక్ పెట్టాలి, లేకపోతే విండోస్ అదే పాత డ్రైవర్‌ను మళ్లీ తగిలిస్తుంది.

వేలిముద్ర యంత్రం విషయంలో అసలు చిక్కు తరచుగా డ్రైవర్‌లో కాక ఆర్‌డీ సర్వీస్‌లో ఉంటుంది. ఆధార్ ధ్రువీకరణకు వాడే ఈ సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంప్యూటర్‌లోనే 11100 నుంచి 11120 వరకున్న నెట్‌వర్క్ పోర్టుల్లో (ఇవి తీగ పెట్టే పోర్టులు కావు, సాఫ్ట్‌వేర్ వాడే సంఖ్యలు) ఏదో ఒకదానిపై నడుస్తుంది. ఒక కంపెనీ యంత్రాన్ని పక్కనపెట్టి మరో కంపెనీది కొన్నప్పుడు పాత సర్వీస్ అలాగే నడుస్తూ ఉంటే, వెబ్‌సైట్ దాన్నే ముందుగా పలకరించి, యంత్రం సిద్ధంగా లేదన్న జవాబు తీసుకునే అవకాశం ఉంది. కొత్త యంత్రంలో లోపం లేకున్నా నింద దానిమీద పడుతుంది. పాత కంపెనీ సర్వీస్‌ను కంట్రోల్ ప్యానెల్ నుంచి పూర్తిగా తొలగించి, రీస్టార్ట్ చేశాకే కొత్తదాన్ని పరీక్షించాలి.

ప్రింటర్ తీగను వేరే పోర్టుకు మారిస్తే కొన్ని ప్రింటర్లు జాబితాలో కాపీ 1 పేరుతో రెండోసారి చేరతాయి. పాత పేరుకు పంపిన కాగితాలు క్యూలోనే ఆగిపోతాయి. ఇది డ్రైవర్ తగువు కాదు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లోని పోర్ట్స్ ట్యాబ్‌లో సరైన యూఎస్‌బీ పోర్టును ఎంచుకుంటే చాలు.

ఒక్కొక్కటిగా బాగా పనిచేసే పరికరాలు అన్నీ కలిపినప్పుడే ఆగుతుంటే కరెంటు చాలడం లేదేమో చూడాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలన్నది ప్రమాణం. ఒకే పోర్టుకు చవక హబ్ (ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే పెట్టె) తగిలించి నాలుగు పరికరాలు పెడితే అవన్నీ ఆ కొద్దిపాటి కరెంటునే పంచుకోవాలి కాబట్టి, సొంత అడాప్టర్ ఉన్న హబ్ తీసుకోవాలి.

అన్నీ కుదిరాక, వేలిముద్ర తీసుకుంటూనే ప్రింట్ కూడా ఇచ్చి చూడాలి. పనిచేసిన డ్రైవర్ల వెర్షన్ సంఖ్యలను రాసిపెట్టుకుని, తయారీదారు వెబ్‌సైట్ నుంచి తెచ్చిన ఫైళ్లను ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాలి.