చెన్నైలో సముద్ర తాబేళ్ల రాత్రి నడకకు వెళ్లడం ఎలా?

సంక్రాంతి వెళ్లిందంటే చెన్నై తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఉగాది దాకా వస్తూనే ఉంటాయి. బెసెంట్ నగర్ బీచ్‌లో సాయంత్రం మనం మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చునే ఇసుకలోకే, అర్ధరాత్రి దాటాక, నలభై కిలోల తల్లి తాబేలు ఒకటి పాక్కుంటూ వస్తుంది. ఈ ఊళ్లో ఏళ్ల తరబడి ఉంటున్న మన తెలుగువాళ్లలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు. వాటి గూళ్లు వెతికి గుడ్లు కాపాడే ఈ రాత్రి నడకలో స్టేజీ, మైకు, స్టాళ్లు ఏమీ ఉండవు. అయినా నాకు ఏడాది మొత్తంలో ఇదే పెద్ద పండగ. మీరూ రావాలనే ఇదంతా రాస్తున్నాను.

ఎప్పుడు వెళ్లాలి

జనవరి నుంచి మార్చి వరకు గుడ్లు పెట్టే కాలం. నన్నడిగితే ఫిబ్రవరిలో రండి. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది కాబట్టి పిల్లలు బయటికొచ్చేది మార్చి నుంచి మే వరకు. తల్లిని చూడాలంటే అర్ధరాత్రి, పిల్లల్ని చూడాలంటే సాయంత్రం. ఈ రెండింటిలో మీకు ఏది వీలవుతుందో ముందే తేల్చుకోండి, ఎందుకంటే మిగతా ఏర్పాట్లన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

ఒడిశాలోని గహీర్‌మఠ, రుషికుల్య తీరాల్లో లక్షల తాబేళ్లు ఒకేసారి ఒడ్డెక్కే వీడియోలు చూసి చెన్నైలోనూ అలాగే ఉంటుందనుకోవద్దు. ఇక్కడ ఒక్కొక్కటిగా, విడివిడిగా వస్తాయి. రాత్రంతా నడిచినా ఒక్కటీ కనిపించకపోవచ్చు. నాకు మూడోసారి వెళ్లినప్పుడు గానీ కనిపించలేదు.

ఎవరితో వెళ్లాలి

సొంతంగా వెళ్లకండి. చెన్నైలో 1988 నుంచి స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అనే సంస్థ ఈ పని చేస్తోంది. నడిపేది ఎక్కువగా కాలేజీ కుర్రాళ్లు, స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు. దీనికంటే ముందే, 1970ల మొదట్లో, పాముల నిపుణుడు రోములస్ విటేకర్, సముద్ర తాబేళ్ల పరిశోధకుడు సతీష్ భాస్కర్ లాంటివాళ్లు మద్రాసు తీరంలో రాత్రుళ్లు నడిచి గుడ్లు కాపాడటం మొదలుపెట్టారు. అంటే ఈ నడకకు యాభై ఏళ్లు దాటింది.

సీజన్‌లో వాలంటీర్లు రోజూ నడుస్తారు. మామూలు జనాన్ని వారాంతం రాత్రుళ్లు, ముఖ్యంగా శుక్ర, శనివారాల్లో తీసుకెళ్తారు. ఏ తేదీన నడక ఉంది, ఎక్కడ కలవాలి, పేరు ఎలా ఇవ్వాలి అన్నవి వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ ఏడాది వివరాలు చూసి ఖాయం చేసుకోండి. జనం ఎక్కువైతే తాబేళ్లకు ఇబ్బంది కాబట్టి అందరికీ చోటు దొరకదు. ఈ వారం దొరక్కపోతే వచ్చే వారం ప్రయత్నించండి. సముద్ర తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉంది, పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉంది. అనుమతి లేకుండా దాని గుడ్లు ముట్టుకున్నా నేరమే.

చేరుకోవడం, తెచ్చుకోవాల్సినవి

నడక సాధారణంగా నీలాంకరై దగ్గర మొదలై పాలవాక్కం, కొట్టివాక్కం, తిరువాన్మియూర్ మీదుగా బెసెంట్ నగర్ దాకా సాగుతుంది. నెల్లూరు, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు సెంట్రల్‌లో దిగి, ఎదురుగా ఉన్న పార్క్ టౌన్ స్టేషన్‌లో వేళచ్చేరి వైపు వెళ్లే లోకల్ ఎక్కి తిరువాన్మియూర్‌లో దిగాలి. అక్కడి నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్ (ఈసీఆర్) మీద నీలాంకరైకి ఆటో దొరుకుతుంది. పగలే వచ్చి కాస్త నిద్రపోండి. రాత్రి పదకొండు ప్రాంతంలో మొదలయ్యే నడక తెల్లవారుజాము దాకా సాగుతుంది.

ముదురు రంగు బట్టలు వేసుకోండి. తెల్ల చొక్కా చీకట్లో దూరం నుంచే కనిపిస్తుంది. తడిసినా పర్వాలేని, పట్టీలున్న చెప్పులు మంచివి, ఎందుకంటే ఇసుకలో గాజుపెంకులు, తెగిన వలముక్కలు ఉంటాయి. మంచినీళ్ల సీసా, రెండు అరటిపళ్లు చాలు. సెంట్లు, పౌడర్లు వద్దు. దారిలో బాత్‌రూమ్ ఉండదు, బయల్దేరే ముందే వెళ్లి రండి. మెత్తటి ఇసుకలో కిలోమీటరు నడక రోడ్డు మీద రెండు కిలోమీటర్లతో సమానం కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని రాత్రి నడకకు తీసుకురావద్దు. బాగా చిన్నపిల్లల్ని కూడా.

ఫోన్ ఆఫ్ చేయండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నేను చేసిన తప్పు చెప్తాను.

అది నాకు మూడో రాత్రి. కొట్టివాక్కం దాటాం. ముందు నడుస్తున్న కుర్రాడు చెయ్యెత్తి అందర్నీ కూర్చోబెట్టాడు. అలల అంచున నల్లటి బండలాంటిదేదో ఉంది. అల వెనక్కి వెళ్లింది గానీ ఆ బండ వెళ్లలేదు, నాలుగడుగులు ముందుకు వచ్చింది. నాకు ఒళ్లు జలదరించింది. ఆత్రంలో జేబులోంచి ఫోన్ తీశాను. ఫోటో తీయాలని కూడా కాదు, టైమెంతయిందో చూద్దామని. స్క్రీన్ వెలిగింది. తాబేలు ఆగిపోయింది. ఒక నిమిషం అలాగే ఉండి, నెమ్మదిగా పక్కకు తిరిగి, వచ్చిన దారినే నీళ్లలోకి వెళ్లిపోయింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. వాలంటీర్ అమ్మాయి మాత్రం మెల్లగా, "కడుపులో గుడ్లతో వెనక్కి వెళ్లింది అక్కా, ఇంకోచోట మళ్లీ ఎక్కాలి" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఒడ్డెక్కేటప్పుడు, చోటు వెతుక్కునేటప్పుడు తల్లి తాబేలు చాలా బెదురుగా ఉంటుంది. వెలుగు, కదలిక, ఏది కనిపించినా తిరిగి వెళ్లిపోతుంది. గుడ్లు పెట్టడం మొదలయ్యాక అంతగా కదలదు. అందుకే వాలంటీర్లు చెప్పేదాకా కూర్చున్నచోటే ఉండాలి. చెప్పాక కూడా వెనక వైపు నుంచే, నేలకు వంగి దగ్గరికి వెళ్లాలి. ఫ్లాష్ ఎప్పుడూ వద్దు. టార్చ్ వాలంటీర్ల దగ్గర ఉంటుంది, అవసరమైనప్పుడు వాళ్లే వేస్తారు. ఓ పది నిమిషాలు ఏ వెలుగూ చూడకపోతే మన కళ్లు చీకటికి అలవాటుపడి నురగ, ఇసుక, పడవలు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.

జాడ చూడటం నేర్చుకోండి

చాలాసార్లు తాబేలు కనిపించదు, దాని జాడ కనిపిస్తుంది. నీళ్లలోంచి ఇసుక మీదికి చిన్న ట్రాక్టర్ టైరు వెళ్లినట్టు ఒక గీత, మళ్లీ నీళ్లలోకి ఇంకో గీత. ఆలివ్ రిడ్లే ఒక పక్క ముందు తెడ్డు, తర్వాత రెండో పక్కది మార్చి మార్చి వేస్తుంది కాబట్టి అచ్చులు రెండు వైపులా ఎదురెదురుగా కాకుండా ఎగుడుదిగుడుగా పడతాయి. రెండు గీతలూ కలిసేచోట ఇసుక చెదిరి ఉంటే అక్కడ గూడు ఉండొచ్చు. వాలంటీర్ సన్నటి కర్రతో అక్కడక్కడా మెల్లగా గుచ్చి చూస్తాడు. గట్టి ఇసుకలో ఆగిన కర్ర ఒకచోట సర్రున లోపలికి దిగుతుంది. అక్కడి నుంచి ఇక చేతులతోనే తవ్వుతారు.

మా పక్కింటి పిన్నిగారిది శ్రీకాకుళం. ఓ ఏడాది పట్టుబట్టి నాతో వచ్చారు. మొదటి జాడ కనిపించగానే చెప్పులు విప్పి పక్కన పెట్టి, "కూర్మనాథా" అంటూ ఇసుకలోనే దండం పెట్టుకున్నారు. వాళ్ల ఊరికి దగ్గర్లోనే శ్రీకూర్మం గుడి ఉంది మరి.

గుడ్లు బయటికి తీసేటప్పుడు

గూడు కుండ ఆకారంలో, సుమారు అడుగున్నర లోతు ఉంటుంది. తల్లి దాన్ని వెనక కాళ్లతోనే, కళ్లతో చూడకుండా తవ్వుతుంది. ఒక్కో కాలితో దోసెడు ఇసుక తీసి పక్కన పోయడం దగ్గర నుంచి చూశాక నాకు చాలాసేపు మాట రాలేదు. గుడ్లు పెట్టాక గుంట పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ డొప్పతో ఇసుకను దిమ్మిసకొట్టినట్టు కొడుతుంది. కళ్లలోంచి నీళ్లు కారుతూ ఉంటాయి. అది ఏడుపు కాదని పిల్లలకు చెప్పండి, ఒంట్లో ఎక్కువైన ఉప్పును అలా బయటికి పంపుతుంది.

గూటికి వందకు పైగా గుడ్లుంటాయి. పింగ్‌పాంగ్ బంతి సైజు, తోలులా మెత్తటి పెంకు. వాటిని అక్కడే వదిలితే కుక్కలు తవ్వేస్తాయి, లేదా బయటికొచ్చిన పిల్లలు వీధి దీపాల వైపు వెళ్లిపోతాయి. పుట్టగానే పిల్లలు వెలుతురున్న వైపే సముద్రమనుకుని నడుస్తాయి. అందుకే గుడ్లను హ్యాచరీకి, అంటే పిల్లలు బయటికొచ్చేదాకా గుడ్లను కాపాడే చోటికి, తీసుకెళ్లి అదే లోతులో, అదే ఆకారంలో గుంట తీసి పాతుతారు. ఈ పని కొన్ని గంటల్లోపే అయిపోవాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకు అంటుకుంటుంది, ఆ తర్వాత గుడ్డు దొర్లితే చచ్చిపోతుంది. కాబట్టి గుడ్ల సంచి మోస్తున్నవాళ్లను ఆపి సెల్ఫీలు, ప్రశ్నలు వద్దు. హ్యాచరీ చేరాక అడగండి, ఎంత ఓపిగ్గానైనా చెప్తారు. ఇసుక వేడినిబట్టి ఆడా మగా నిర్ణయమవుతుందని, వేడి ఎక్కువైతే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయని నాకు అక్కడే తెలిసింది.

చనిపోయినవి కూడా కనిపిస్తాయి

ఈ మాట ముందే చెప్పాలి. దారిలో ఉబ్బిపోయిన తాబేలు కళేబరాలు కనిపించవచ్చు. 2025 జనవరిలో తమిళనాడు తీరానికి, ఎక్కువగా చెన్నై చుట్టుపక్కలే, వెయ్యికి పైగా కొట్టుకొచ్చాయి. తాబేలు ఊపిరి కోసం నీటిపైకి రావాలి. ట్రాలర్ పడవలు నీళ్లలో లాక్కెళ్లే పెద్ద ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. వలలోంచి తాబేలు బయటపడేందుకు దారి ఇచ్చే పరికరాలు ఉన్నాయి. తీరానికి దగ్గరలో ట్రాలర్లు తిరగకూడదన్న నిబంధనా ఉంది. అమలు సరిగ్గా జరిగితే ఇన్ని చావవు, ఇది తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. అలాంటిది కనిపిస్తే ముట్టుకోకండి. వాలంటీర్లు కొలతలు రాసుకునేదాకా ఆగండి.

పిల్లలతో అయితే సాయంత్రం

రాత్రి నడక కుదరనివాళ్లు మార్చి, ఏప్రిల్‌లో సాయంత్రం పూట బెసెంట్ నగర్ హ్యాచరీకి రండి. ఆ రోజు తాబేలు పిల్లలు పుట్టి ఉంటే సూర్యాస్తమయం వేళ వదులుతారు. కట్టిన తాడు దాటకండి, అడుగు వేసే ముందు నేల చూడండి. తాబేలు పిల్లల్ని చేత్తో తీసుకెళ్లి నీళ్లలో వేయాలని మీ పాప మారాం చేసినా ఒప్పుకోవద్దు. ఆ కాస్త దూరం అవి ఇసుక మీద నడిచే వెళ్లాలి.

రాత్రి నడకలో మీ గుంపుకి గూడు దొరికిందనుకోండి, హ్యాచరీలో దాన్ని పాతాక పక్కన పెట్టే గుర్తు మీది తేదీ రాసుకోండి. దానికి 45 రోజులు కలిపి, అక్కడి నుంచి వాలంటీర్లను అడుగుతూ ఉండండి. పోయినేడు మా గూటి పిల్లలు బయటికొచ్చిన రోజు పిన్నిగారు ఆఫీసు వదలకముందే నాకు ఫోన్ చేశారు. మేం వెళ్లేసరికి బుట్టలో అరచేయంత కూడా లేని నల్లటి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ గిజగిజలాడుతున్నాయి. బుట్ట వంచారు. మొదటి అల వాటిలో సగాన్ని తీసుకెళ్లింది. మిగతావి తడి ఇసుక మీద సన్నటి గీతలు గీసుకుంటూ రెండో అల వైపు పరుగెత్తాయి. చీకటి పడేదాకా పిన్నిగారు ఆ గీతల దగ్గరే కూర్చున్నారు.