మాట కలవని చోట పొరుగు స్నేహం: జపాన్‌లో కాపురం పెట్టేవారికి

టోక్యో తూర్పు వైపున, ఎదొగావా వార్డులోని నిషి-కసాయ్ ప్రాంతంలో మన దేశంవారు చాలామంది ఉంటారు. మనవాళ్లు దగ్గరుండడం ధైర్యమే గానీ, ఆ ధైర్యంతోనే గోడ అవతలి జపాన్ కుటుంబం ఏళ్ల తరబడి పరిచయం లేకుండా మిగిలిపోతుంది. భాష రాకపోవడం అందుకు పెద్ద కారణం కాదని నా అనుభవం. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఇద్దరూ చేయవలసిన చిన్న పని ఒకటి ఉంటే మాటల అవసరం సగం తీరిపోతుంది.

ఇల్లు మారిన వారంలోపే, చీకటి పడకముందు, పక్కింటివారి తలుపు తట్టాలి. అపార్ట్‌మెంట్ అయితే రెండు పక్కల వారితో పాటు పైఅంతస్తు, కిందిఅంతస్తు వారిని కూడా పలకరించడం అక్కడి పాత మర్యాద. చేతిలో 500 నుంచి 1,000 యెన్‌ల లోపు చిన్న కానుక, అంటే తువ్వాలో బిస్కెట్ల పెట్టో ఉంటే చాలు. అంతకు మించితే తిరిగి ఏమివ్వాలా అన్న భారం వారి మీద పడుతుంది. నాలుగు వస్తువుల జతను మాత్రం ఇవ్వకూడదు, ఎందుకంటే వారి భాషలో నాలుగును పలికే తీరుల్లో ఒకటి చావు అన్న మాటలా వినిపిస్తుంది. గడప దగ్గరే నిలబడి, తల వంచి, పేరు చెప్పి వచ్చేయాలి. లోపలికి రమ్మనలేదని నొచ్చుకోనక్కర్లేదు.

వారి ఇంటిపేరు తెలుసుకుని చివర ‘సాన్’ చేర్చి పిలవాలి. మన ‘గారు’ లాగే అదీ పేరు తర్వాతే వస్తుంది కనుక మన నోటికి సులువుగా పట్టుబడుతుంది. పెద్దావిడ కదా అని మామ్మగారూ అన్నట్టుగా వరస కలపడం మాత్రం తొలి రోజుల్లో వద్దు. కొందరికి అది వయసు ఎత్తిచూపినట్టు తోస్తుంది. మీ మాటలకు వారు ‘హై, హై’ (అవును, అవును) అంటే ఒప్పుకున్నారని కాదు, వింటున్నారని అర్థం. ముఖం ముందు అరచేతిని అటూ ఇటూ ఊపితే వద్దని చెప్పడం. ‘నేను’ అనడానికి వారు గుండెను కాక ముక్కును చూపిస్తారు.

అసలు స్నేహం మొదలయ్యేది చెత్త వేసే చోట. తగలబడే చెత్తకు ఏ రోజులో, సీసాలకూ కాగితాలకూ ఏ రోజో వార్డువారు ఇచ్చే క్యాలెండర్‌లో ఉంటుంది. ఆ రోజు ఉదయం, చెప్పిన వేళలోపే సంచి తెచ్చి పెట్టాలి. కాకులు చింపకుండా సంచుల మీద వల కప్పుతారు. పక్కింటి పెద్దావిడ వచ్చే వేళకు మీరూ వెళ్లి, ఆవిడ సంచి పెడుతుంటే వల అంచును పైకెత్తి పట్టుకోండి. ‘ఒహాయో గొజాయిమాస్’ అన్న ఒక్క ఉదయపు పలకరింపు చాలు. మూడు నెలల పాటు నాకూ మా పొరుగావిడకూ మధ్య నడిచిన సంభాషణ అంతే, కానీ నేను రెండు రోజులు కనబడకపోతే ఆవిడ మా తలుపు తట్టారు.

వంటకాలు ఇచ్చిపుచ్చుకోవడం ఆ తర్వాతి మాట. పచ్చళ్లు, కారాలు కాకుండా సున్నుండలతో మొదలుపెట్టాలి. నేను ఇచ్చిన స్టీలు డబ్బా, మన ఊళ్లలో లాగే, ఖాళీగా తిరిగి రాలేదు. అందులో నారింజ రంగు పండ్లు మూడున్నాయి. ఆవిడ ఒకటి పైకి తీసి ‘కాకి’ అన్నారు. ఆ మాటకు మా భాషలో పక్షి అని అర్థమని చెప్పడానికి నేను చేతులను రెక్కల్లా ఆడించి ‘కావ్, కావ్’ అంటే, ఆవిడ కరెంటు తీగ వైపు వేలు చూపించి ‘కరాసు’ అన్నారు. ఆ రోజు నుంచి వల దగ్గర మా ఇద్దరికీ చెప్పుకోవడానికి ఒక మాట ఉంది.

ఫోనులోని అనువాదం అవసరానికి పనికొస్తుంది. తెలుగులోనూ జపనీస్‌లోనూ కర్తను వదిలేసి మాట్లాడే అలవాటుంది కనుక ‘రేపు వస్తున్నాను’ అని కాక ‘నేను రేపు మీ ఇంటికి వస్తున్నాను’ అని పూర్తిగా రాయాలి. వచ్చిన అనువాదాన్ని మళ్లీ తెలుగులోకి తిప్పి చూసుకోవాలి. తేదీలు, వేళలు మాత్రం కాగితం మీద అంకెల్లో రాసి చూపించడమే మేలు.

సంక్రాంతికి ఇంటికి వెళ్లేటప్పుడు కూడా అలాగే, క్యాలెండర్‌లో వెళ్లే రోజునూ వచ్చే రోజునూ చూపించి, పక్కన విమానం బొమ్మ గీయండి. ప్రయాణం నుంచి పొరుగువారికి ఏదో ఒకటి తేవడం అక్కడి ఆనవాయితీ. తాజా పండ్లను ధ్రువపత్రం లేకుండా విమానాశ్రయం దాటనివ్వరు కనుక పూతరేకులు తీసుకెళ్లండి. కాగితంలా ఉన్న ఆ పొరను ఎలా తినాలా అని వారు సందేహిస్తే, ఒక బియ్యపు గింజను దాని పక్కన పెట్టి, ముందుగా మీరు ఒక ముక్క తినండి.