అజైల్ పద్ధతిలో మొదటి స్ప్రింట్ నడపడం ఎలా?

అజైల్ గురించి చదవడం మొదలుపెట్టగానే బ్యాక్‌లాగ్, స్ప్రింట్, వెలాసిటీ, బర్న్‌డౌన్ అంటూ కొత్త మాటలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. విడివిడిగా అర్థాలు బట్టీ పడితే అవి ఎంతోకాలం గుర్తుండవు. ఒక చిన్న పనిని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా నడిపి చూస్తే, ఏ మాట ఎందుకు పుట్టిందో తెలిసిపోతుంది. అందుకని ఒక లైబ్రరీ వెబ్‌సైట్ తయారవుతోందనుకుందాం. సభ్యులు తీసుకున్న పుస్తకాన్ని ఆన్‌లైన్‌లో రెన్యూ చేసుకునే వీలు కల్పించాలి.

ముందు ఒక తేడా గమనించండి. అజైల్ అంటే పనిని చిన్న చిన్న భాగాలుగా పూర్తిచేస్తూ, వాడేవాళ్ల అభిప్రాయాన్ని బట్టి మార్చుకుంటూ పోవాలనే ఆలోచనా తీరు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి రాసిన అజైల్ మ్యానిఫెస్టోలో దాని నాలుగు విలువలు, పన్నెండు సూత్రాలు ఉన్నాయి. స్క్రమ్, కాన్‌బాన్ వంటివి ఆ ఆలోచనకు సరిపోయే పని పద్ధతులు. ఇక్కడ చెప్పేది ఎక్కువగా స్క్రమ్ గురించే.

1. ఎవరి బాధ్యత ఏమిటో తేల్చుకోండి

ఏ పని ముందు, ఏది తర్వాత అని నిర్ణయించేది ప్రొడక్ట్ ఓనర్. ఆ మాట ఒక్కరిదే అయి ఉండాలి. ఇద్దరు ముగ్గురు చెబితే టీమ్ ఎవరి మాట వినాలో తెలియక నలిగిపోతుంది. పద్ధతి సరిగ్గా నడిచేలా చూస్తూ, అడ్డంకులు తొలగేలా చేసేవారు స్క్రమ్ మాస్టర్. వారిని మేనేజర్ అనుకోకండి, పనులు పంచడం వారి ఉద్యోగం కాదు. పని చేసేవాళ్లందరినీ డెవలపర్లు అంటారు. మొత్తం టీమ్ పది మందికి మించకపోతే మంచిది.

2. బ్యాక్‌లాగ్ రాయండి

ప్రొడక్ట్‌కు కావలసినవన్నీ వరుస క్రమంలో ఉండే జాబితాయే ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్. అన్నిటికన్నా ముఖ్యమైనది పైన ఉంటుంది. ఒక్కో అవసరాన్ని చాలామంది యూజర్ స్టోరీగా రాస్తారు: "లైబ్రరీ సభ్యుడిగా నా పుస్తకాన్ని ఆన్‌లైన్‌లో రెన్యూ చేసుకోవాలి, జరిమానా పడకుండా ఉండేందుకు." ఎవరికి, ఏం కావాలి, ఎందుకు అన్న మూడూ ఇందులో వచ్చేశాయి. ఈ "ఎందుకు"ను వదిలేయకండి. జరిమానా తప్పించుకోవడమే అసలు అవసరమైతే, గడువుకు ముందే ఒక మెసేజ్ పంపడం ఇంకా తేలికైన దారి కావచ్చు కదా!

స్టోరీ కింద యాక్సెప్టెన్స్ క్రైటీరియా, అంటే ఒప్పుకోలు షరతులు రాయండి. వేరే సభ్యులు రిజర్వ్ చేసుకున్న పుస్తకం రెన్యూ కాకూడదు. రెన్యూ అయ్యాక కొత్త గడువు తేదీ తెర మీద కనిపించాలి. ఇంత స్పష్టంగా ఉంటే చాలు.

3. "అయిపోయింది" అంటే ఏమిటో ముందే రాసుకోండి

నా దృష్టిలో ఈ పద్ధతి మొత్తానికి ప్రాణం డెఫినిషన్ ఆఫ్ డన్. కోడ్ రాసినవారు అయిపోయిందంటారు, టెస్టింగ్ చేసేవారు ఇంకా చూడనే లేదంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కానీ లైబ్రరీ సభ్యుడి చేతికి మాత్రం ఏమీ రాలేదు. కోడ్ రివ్యూ అయింది, టెస్టులు పాసయ్యాయి, మొబైల్‌లోనూ పనిచేస్తోంది, వాడుకకు సిద్ధంగా ఉంది అని నాలుగు వాక్యాలు అందరికీ కనిపించేలా పెట్టండి. యాక్సెప్టెన్స్ క్రైటీరియా ఒక స్టోరీకే పరిమితం. డెఫినిషన్ ఆఫ్ డన్ అన్ని స్టోరీలకూ వర్తిస్తుంది. దీన్ని దాటిన పనినే ఇంక్రిమెంట్ అంటారు.

4. అంచనా వేయండి

స్టోరీ పాయింట్లు గంటలను కొలవవు. ఒక పని ఇంకో పనితో పోలిస్తే ఎంత పెద్దదో చెబుతాయి. ప్లానింగ్ పోకర్‌లో అందరూ 1, 2, 3, 5, 8, 13 వంటి అంకెలున్న కార్డుల్లో ఒకటి ఎంచుకుని ఒకేసారి చూపిస్తారు. రెన్యూ స్టోరీకి ఒకరు 3 చూపించారు, ఇంకొకరు 8 చూపించారనుకోండి. సగటు తీసేసి ముందుకు పోకండి, ఎందుకని అడగండి. రిజర్వేషన్ల సమాచారం వేరే సిస్టమ్‌లో ఉందన్న సంగతి 8 వేసినవారికే తెలిసి ఉండొచ్చు. ఆ సంభాషణ కోసమే ఈ కార్డులన్నీ.

5. స్ప్రింట్ మొదలుపెట్టండి

స్ప్రింట్ అంటే ఒక నెలకు మించని నిర్ణీత గడువు. రెండు వారాలు ఎక్కువగా వాడుకలో ఉంది. స్ప్రింట్ ప్లానింగ్‌లో ముందు ఒక లక్ష్యం పెట్టుకోండి: "సభ్యులు ఆన్‌లైన్‌లో రెన్యూ చేసుకోగలగాలి." దానికి కావలసిన స్టోరీలను, వాటిని ఎలా చేయాలన్న ప్లాన్‌ను కలిపితే స్ప్రింట్ బ్యాక్‌లాగ్ అవుతుంది. ఎంత పని తీసుకోవాలో డెవలపర్లే చెప్పాలి, పైనుంచి రుద్దితే టెన్షన్ తప్ప ఫలితం ఉండదు.

ఇక రోజూ 15 నిమిషాల డైలీ స్క్రమ్ అనే చిన్న సమావేశం. లక్ష్యం వైపు వెళ్తున్నామా, ఎక్కడ ఆగాం అన్నదే అక్కడ విషయం. మిగిలిన పని రోజురోజుకీ ఎలా తగ్గుతోందో బర్న్‌డౌన్ చార్ట్ చూపిస్తుంది. ఏ పని ఏ దశలో ఉందో చూపే బోర్డు మీద "జరుగుతున్నవి" గడి నిండిపోతుంటే కాన్‌బాన్ నుంచి ఒక నియమం అరువు తెచ్చుకోండి: ఆ గడిలో ఒకేసారి మూడు పనులకు మించకూడదు అనుకోండి. దీన్నే విప్ (వర్క్ ఇన్ ప్రోగ్రెస్, అంటే జరుగుతున్న పని) లిమిట్ అంటారు. కొత్తది మొదలుపెట్టాలంటే ముందున్నది పూర్తిచేయక తప్పదు.

6. చూపించండి, మాట్లాడుకోండి

స్ప్రింట్ చివర రివ్యూలో పనిచేస్తున్న వెబ్‌సైట్‌నే వాడేవాళ్లకు చూపించి వాళ్ల అభిప్రాయం తీసుకోండి. వాళ్లు చెప్పినదాన్ని బట్టి బ్యాక్‌లాగ్ మారుతుంది, మారాలి కూడా. ఆ తర్వాత టీమ్ విడిగా కూర్చునేది రెట్రోస్పెక్టివ్. ఏది బాగా జరిగింది, ఏది మార్చుకోవాలి అని మాట్లాడుకుని, కనీసం ఒక్క మార్పునైనా తర్వాతి స్ప్రింట్‌లో చేసే పనిగా రాసుకోండి.

ఒక స్ప్రింట్‌లో పూర్తయిన పాయింట్ల మొత్తమే వెలాసిటీ. సగంలో ఉన్న స్టోరీ లెక్కలోకి రాదు, తిరిగి బ్యాక్‌లాగ్‌లోకి వెళ్తుంది. మూడు స్ప్రింట్లలో 20, 26, 23 వస్తే సగటు 23, తర్వాతి స్ప్రింట్‌కు సుమారుగా అంత తీసుకోవచ్చు. ఈ అంకెతో రెండు టీమ్‌లను మాత్రం పోల్చకండి. ఒక టీమ్ 5 అనుకున్న పని ఇంకో టీమ్‌కు 8 కావచ్చు. పోలిక మొదలైతే, పని పెరగకుండానే పాయింట్లు పెరిగిపోతాయి.