ఓడి-07 నంబర్ సియాజ్ డీజిల్ కొనొచ్చా? లక్షణం చూసి తేల్చుకోండి

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వాళ్ళకి సెకండ్ హ్యాండ్ కారంటే విశాఖ కన్నా బరంపురమే దగ్గర, అక్కడ ఓడి-07 (ఒడిశా, గంజాం జిల్లా) నంబర్‌తో 2016 మారుతి సియాజ్ డీజిల్ చూసొచ్చాం తీసుకోమంటారా అని అడిగేవాళ్ళు ఎక్కువ. బండి మంచిదే, వెనక సీట్లో కాళ్ళు చాపుకోవచ్చు, ఇంజన్ కూడా డిజైర్‌లో వచ్చిన 1.3 డీజిలే కాబట్టి ఏ మెకానిక్‌కైనా అలవాటే. కాకపోతే ఇవి చూడకుండా డబ్బు తియ్యకండి.

పొద్దున్నే స్టార్ట్ చేస్తే గలగల

దీనికి బెల్ట్ కాదు, టైమింగ్ చైన్. స్టార్టయ్యాక ఒకట్రెండు సెకన్లు మోగి ఆగిపోతే చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్‌కి ఆయిల్ ప్రెషర్ అందేవరకే, కంగారేం లేదు. ఆగకుండా మోగుతుంటే చైన్ సాగినట్టే, ఎక్కువగా ఆయిల్ టైంకి మార్చని బళ్ళకే ఇది వస్తుంది. కిట్ మొత్తం మార్చాలి, ఆ ఖర్చు రేట్లో తగ్గించమనండి, ఒప్పుకోకపోతే వదిలేయండి, చైన్ పళ్ళ మీంచి జంప్ అయితే వాల్వులు పోయి ఇంజనే విప్పాలి మరి. ఇంకోటి, మీరు వెళ్ళేసరికే బండి వేడెక్కించి పెట్టేవాళ్ళుంటారు, ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే మర్నాడు చెప్పకుండా వెళ్ళండి.

పికప్ లేదు

2000 ఆర్‌పీఎం లోపు మొద్దుగా ఉండడం ఈ ఇంజన్ తీరే, రోగం కాదు. అది దాటాక కూడా లాగకుండా నల్లపొగ కక్కుతుంటే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) గొట్టం లీకో, ఈజీఆర్‌లో (కొంత పొగని తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వ్) మసో అయ్యుండొచ్చు, ఇవైతే చిన్న పనులే. నీలం పొగైతే ఆయిల్ మండుతోంది, టర్బోనో పిస్టన్ రింగులో, నేనైతే బేరం కూడా ఆడను. హైవే ఎక్కి నాలుగో గేర్‌లో తొక్కితే ఆర్‌పీఎం లేచి స్పీడ్ లేవట్లేదా, క్లచ్ ప్లేట్ అయిపోయింది.

లోపల ముక్కవాసన

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్ని ముంచేసింది, అప్పటికి ఈ బండికి రెండేళ్ళు, కాబట్టి నీళ్ళలో మునిగిందేమో చూసుకోవాలి. సీట్ బెల్ట్ చివరిదాకా లాగితే మట్టి చార ఉందా, స్టెప్నీ గుంటలో తుప్పుందా, ఫ్యూజ్ బాక్స్ మూలల్లో ఒండ్రుందా చూడండి. సముద్రపు గాలికి డోర్ల కింద కాస్త తుప్పు మామూలే, అది వేరు. ఒండ్రు కనబడితే మాత్రం రిపేరంటూ లేదు, వైరింగ్ ఈ నెల ఒకచోట వచ్చే నెల ఇంకోచోట పోతూనే ఉంటుంది, దణ్ణం పెట్టి వచ్చేయండి.

మీటర్ తక్కువ చూపిస్తోంది

పెడల్ రబ్బర్లు అరిగి మీటర్ 40 వేలంటే నమ్మకండి, సర్వీస్ రికార్డ్ అడగండి.

రేటు మరీ తక్కువ

కారణం ఒక్కోసారి బండిలో కాదు, నంబర్ ప్లేట్‌లో ఉంటుంది. పర్లాకిమిడి, బరంపురంలోనే ఉండేవాళ్ళకైతే ఫారం 29, 30 పెట్టి పేరు మార్పించుకుంటే చాలు. ఆంధ్రాలో 12 నెలలు దాటి ఉంచాలంటే ఇక్కడి నంబర్ వేయించాలి, లైఫ్ టాక్స్ ఇక్కడ మళ్ళీ కట్టాలి, అది కలిపి చూశాక శ్రీకాకుళం బండికీ దీనికీ తేడా లేకపోతే అంత దూరం తిరగడం దేనికి. తేడా బాగా ఉంటే పరివాహన్ వెబ్‌సైట్‌లో నంబర్ కొట్టి లోన్, చలాన్లు ఉన్నాయేమో చూడండి, లోన్ ఉంటే అది తీరిందన్న బ్యాంకు లెటర్, ఫారం 35 అమ్మేవాడే తేవాలి. ఆర్‌సీలో ఛాసిస్ నంబర్‌ని బండి మీద ఉన్నదాంతో పోల్చుకుని అడ్వాన్స్ ఇవ్వండి, మిగతా డబ్బు మాత్రం ఒడిశా ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) మీ చేతికొచ్చాకే, బ్రోకర్ ఎంత తొందరపెట్టినా సరే.