ఎల్‌కేజీలో కొట్లాటలు: కారణం ఎక్కడ వెతకాలి, ఏం మార్చాలి

"మేడం, మా క్లాసులో ఒకడున్నాడు. పక్కవాళ్ళని తోస్తాడు, గిల్లుతాడు. ఎంత చెప్పినా వినడు. ఏం చేయమంటారు?" ఎల్‌కేజీ, యూకేజీ టీచర్లు, అంగన్‌వాడీ టీచర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "ఎన్ని గంటలకి తోస్తున్నాడు?" అని నేను అడుగుతాను. చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఎవరిని తోశాడో చెప్తారు, వాళ్ళ నాన్న ఏం పని చేస్తాడో కూడా చెప్తారు. టైము మాత్రం ఎవరూ చూసి ఉండరు.

రోజు సాఫీగా నడిచే గదిలో పిల్లలు ఎవరూ చెప్పకుండానే పక్కవాడి బాటిల్ మూత తీసిపెడతారు. రోజు గజిబిజిగా నడిచే గదిలో గోడ మీద ఎన్ని నీతివాక్యాలు అంటించినా కొట్లాట ఆగదు. అందుకే నేను పిల్లవాడి కంటే ముందు ఆ క్లాసు రోజు ఎలా నడుస్తుందో చూస్తాను. కిందికి వంగి మాట్లాడటం, పేరు పెట్టి పిలవడం, గొంతు పెంచకపోవడం మీకు ఎలాగూ తెలుసు కాబట్టి వాటి గురించి రాయడం లేదు. దెబ్బ వేయడం, గోడ వైపు తిప్పి నిలబెట్టడం లాంటివి ఈ వయసు పిల్లలకు భయం తప్ప ఏమీ నేర్పవు. వాటిని పక్కన పెట్టేసే ముందుకు వెళ్దాం.

ముందు ఈ మూడు చూడండి

ఆకలి, ఒంటికి, నిద్ర. ఇవి చూడకుండా పిల్లవాడి స్వభావం గురించి మాట్లాడటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే చూడటానికి ఒక్క నిమిషం చాలు.

ఏడుంబావుకి వ్యాన్ ఎక్కే పిల్లవాడు గ్లాసు పాలు తాగి వస్తాడు. స్నాక్స్ బెల్లు పదిన్నరకి. పది గంటలకి వాడు పక్కవాడిని కొరికితే అది ఆకలే కావచ్చు. పొద్దున గేటు దగ్గరే "ఏం తిన్నావు నాన్నా?" అని అడగండి. ఏమీ తినలేదంటే ఒక అరటిపండు పెట్టి, సాయంత్రం వాళ్ళమ్మతో మాట్లాడండి.

రెండోది ఇంకా కనిపించదు. ఇంగ్లిష్ మీడియం ఎల్‌కేజీలో "మే ఐ గో టు టాయ్‌లెట్ మేడం" అని పూర్తి వాక్యం చెప్తేనే పంపుతామనే పద్ధతి చాలా చోట్ల ఉంది. ఆ వాక్యం రాని పిల్లవాడు బిగబట్టుకుని కూర్చుంటాడు. కాళ్ళు ఊపుతాడు, లేస్తాడు, పక్కవాళ్ళ మీద పడతాడు, మనం అల్లరి అంటాం. తెలుగులో అడిగినా, చిటికెన వేలు చూపించినా, లేచి నిలబడినా పంపించండి. బాత్రూంలో లైటు వెలుగుతోందా, మగ్గు పిల్లల చేతికి అందుతోందా కూడా చూడండి. చీకటికి భయపడి వెళ్ళని పిల్లలు ఉంటారు.

నిద్ర సంగతి తల్లిదండ్రుల్ని అడగాల్సిందే. రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసిన పిల్లవాడు మర్నాడు పన్నెండింటికి ఏడవడం సహజం.

ఈ మూడూ సరిగ్గా ఉండి కూడా కొట్లాటలు జరుగుతుంటే ఒక కాగితం తీసుకోండి. ఒక వారం పాటు ప్రతి గొడవకీ టైము, చోటు, దానికి ముందు క్లాసులో ఏం జరుగుతోందో రాయండి. పేరు చివర్లో రాయండి. పేరుతో మొదలుపెడితే మిగతావి కనపడవు.

ఎక్కువసార్లు దొరికే దొంగ: ఊరికే కూర్చోబెట్టిన సమయం

ఆ కాగితాన్ని వారం చివర చూస్తే గొడవలన్నీ నాలుగైదు చోట్ల గుంపుగా ఉంటాయి. పొద్దున వ్యాన్ దిగాక ప్రేయర్ దాకా. చేతులు కడుక్కునే లైనులో. అన్నం పెట్టే ముందు పళ్ళాలు సర్దుతున్నప్పుడు. డైరీలు రాస్తున్నప్పుడు. సాయంత్రం వ్యాన్ కోసం బ్యాగు తగిలించుకుని కూర్చున్నప్పుడు. బంకమట్టితో బొమ్మలు చేస్తున్నప్పుడూ గొడవ వస్తుంది కానీ అది మట్టి కోసం వచ్చే గొడవ, కారణం కళ్ళ ముందే ఉంటుంది. లైనులో వచ్చే గొడవకి కారణం కనిపించదు కాబట్టి అది పిల్లవాడి ఖాతాలో పడుతుంది.

టీచర్‌కి ఇది ఎందుకు పట్టుబడదంటే, అదే టైములో ఆమెకి ఊపిరి సలపదు. 30 డైరీలు, ఒక్కోదానికి నిమిషం, అంటే అరగంట పని. ఆ అరగంట ఆమెకి పనితో నిండిపోయింది, పిల్లలకి మాత్రం పూర్తిగా ఖాళీ. పైగా "చేతులు కట్టుకో, నోటి మీద వేలు" అనగానే మొదటి రెండు నిమిషాలు గది చక్కగా నిశ్శబ్దంగా ఉంటుంది. దాంతో పద్ధతి పనిచేస్తోందనిపిస్తుంది. నాలుగేళ్ళ ఒళ్ళు అంతకంటే ఎక్కువసేపు కదలకుండా ఉండలేదు. మూడో నిమిషంలో మోచెయ్యి తగులుతుంది, అవతలివాడు తోస్తాడు, టీచర్ డైరీలోంచి తలెత్తి ఒక పేరు గట్టిగా పిలుస్తుంది. అంతసేపూ ఎవరూ పట్టించుకోని పిల్లవాడికి ఆ పిలుపే దొరికింది. రేపు కూడా అలాగే దొరుకుతుందని వాడికి తెలిసిపోయింది.

లెక్క వేసి చూడండి. ఒక కుళాయి, 30 మంది పిల్లలు, ఒక్కొక్కరికి అర నిమిషం. చివరివాడు 15 నిమిషాలు లైనులో నిలబడాలి. పెద్దవాళ్ళమే అన్ని నిమిషాలు ఊరికే నిలబడితే విసుక్కుంటాం.

ఇందులో నన్ను బాగా దెబ్బతీసిన సంగతి ఇంకొకటి ఉంది: వ్యాన్ ట్రిప్పులు. చాలా బడుల్లో ఒకే వ్యాన్ రెండు ట్రిప్పులు తిరుగుతుంది. కొందరు పిల్లలు మొదటి ట్రిప్పులో వచ్చి, సాయంత్రం రెండో ట్రిప్పులో వెళ్తారు. ఎనిమిదింబావుకి దిగిన పిల్లవాడికి తొమ్మిదింటి ప్రేయర్ దాకా 45 నిమిషాలు ఏ పనీ ఉండదు. సాయంత్రం మళ్ళీ అంతే. క్లాసులో "అల్లరివాడు" అని పేరుపడ్డ పిల్లవాడిని చూపిస్తే నేను ముందు వాడి వ్యాన్ ట్రిప్పు అడుగుతాను. ఈ ప్రశ్న దగ్గరే తేలిపోయిన కేసులు చాలా ఉన్నాయి. ఇది చూడకుండా ఏడాదంతా ఒక పిల్లవాడికి మొండివాడని ముద్ర వేసి, యూకేజీ టీచర్‌కి కూడా అదే మాట చెప్పి అప్పగించడం అన్యాయం. ఆ ముద్ర వాడితో పాటే పై క్లాసుకి వెళ్తుంది.

ఇక సరిచేయడం. మొదటి పని, ఖాళీని తగ్గించడం. 30 మందినీ ఒకేసారి లైను కట్టించకండి. ఐదుగురిని పంపండి, మిగతావాళ్ళు చేస్తున్న పనిలోనే ఉండాలి. కుళాయి దగ్గర ఆయమ్మ, గదిలో మీరు. ఒకే కుళాయి ఉంటే పక్కన బకెట్, మగ్గు పెట్టినా సమయం సగమవుతుంది. డైరీ సంగతి మీ మేనేజ్‌మెంట్‌తో మాట్లాడండి. అందరికీ రాసేది ఒకటే మాట అయితే వారానికి ఒక చీటీ అచ్చువేసి అంటిస్తే సరిపోతుంది. పిల్లలు గదిలో ఉన్నప్పుడు డైరీలు రాయకపోవడమే అసలు మందు.

రెండో పని, తప్పని ఖాళీని నింపడం. దీనికి సామాను అక్కర్లేదు. ఒకరి కళ్ళు మూసి వీరీ వీరీ గుమ్మడిపండు ఆడితే పదిమంది లైను ఇట్టే కదులుతుంది, పిల్లలకు ఒకరి పేర్లు ఒకరికి వస్తాయి. ఇద్దరిద్దరిని చెమ్మచెక్క ఆడనివ్వండి. పొడుపుకథలు వేయండి. ఈ ఆటల్లో ఇంకో పిల్లవాడి చేయి పట్టుకోవాలి, లేదా వాడి వంతు అయ్యేదాకా చూడాలి. మీరు విడిగా బోధించాలనుకున్నదంతా ఇందులోనే ఉంది.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మొదటి ట్రిప్పు పిల్లలకి పని అప్పగించండి. చాపలు పరచడం, పలకలు పెట్టడం, మొక్కలకి నీళ్ళు పోయడం. అవి అయ్యాక రెండో ట్రిప్పులో వచ్చేవాళ్ళని గుమ్మం దగ్గర పలకరించి, బ్యాగు ఎక్కడ పెట్టాలో చూపించడం వాళ్ళ పనే. వారం మొత్తం ఒకే పిల్లవాడికి ఒకే పని ఉండాలి, రోజూ మారిస్తే ఏదీ ఒంటపట్టదు. నిన్నటిదాకా తోసిన పిల్లవాడు ఇవాళ ఏడుస్తూ వచ్చిన పిల్లని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురావడం చాలా క్లాసుల్లో చూశాను. వాడికి కావాల్సింది పనే.

ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు ముందే చెప్పండి. "ఇంకో ఐదు నిమిషాలు" అంటే వాళ్ళకి అర్థం కాదు. "ఈ పాట అయిపోయాక బొమ్మలు బుట్టలో పెడదాం" అంటే అర్థమవుతుంది. రోజూ అదే పాట, అదే చిన్న గంట ఉండాలి. రెండు వారాలు ఇలా నడిపి, మళ్ళీ ఒక వారం కాగితం రాయండి. గొడవలు ఇంకా అక్కడే ఉంటే ఖాళీ ఇంకా తగ్గలేదని అర్థం.

సారీ చెప్తాడు, మళ్ళీ కొడతాడు

సారీ అంటే వదిలేస్తారని నేర్చుకున్నాడు, అంతే. అసలు లోటు ముందే ఉంది: అడగడానికి వాడి దగ్గర మాటలు లేవు. షేరింగ్ ఈజ్ కేరింగ్ అని కోరస్‌గా చెప్పే పిల్లలకి, చేతిలో బంతి ఉన్నవాడిని ఏమని అడగాలో తెలియదు. తెలుగులో మూడు మాటలు నేర్పండి: "నీదయ్యాక నాకిస్తావా?", "తోయకు, నాకు నచ్చలేదు", "నేనూ ఆడనా?" గొడవ మధ్యలో నేర్పితే ఎక్కవు. అందరూ ప్రశాంతంగా ఉన్నప్పుడు రెండు బొమ్మలు పట్టుకుని ఆడి చూపించండి, పిల్లలతో ఆడించండి.

తండాల్లో, ఏజెన్సీ ఊళ్ళలో పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ, కోయ, గోండి కావచ్చు. అక్కడ తెలుగు కూడా వాళ్ళకి కొత్తే. ఆ మూడు మాటలూ వాళ్ళ భాషలో ఎలా అంటారో ఆయమ్మనో, పై క్లాసులో ఉన్న అక్కనో అడిగి మీరే నేర్చుకోండి. చిన్న తరగతుల్లో ఇంటి భాషలోనే నేర్పాలని 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చెప్తోంది.

దెబ్బ తగిలాక ముందు ఏడ్చేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. కొట్టినవాడితో తడిగుడ్డ తెప్పించండి, కూల్చిన బిళ్ళలు మళ్ళీ పేర్పించండి. తప్పు సరిదిద్దే పని చేతికి దొరికితే సారీ బలవంతంగా చెప్పించక్కర్లేదు.

చేతిలో ఉన్నది లాక్కుని "పంచుకోవాలి" అని ఇంకొకరికి ఇవ్వకండి, అది వాడికి లాక్కోవడమే నేర్పుతుంది. వంతు పూర్తయ్యాక ఇవ్వనివ్వండి. బాగా ఇష్టపడే బొమ్మలు ఒక్కటి కాకుండా రెండు మూడు కొనండి. పంచుకోవడం పిల్లలకి రాదనుకోకండి. చొక్కా అంచు అడ్డం పెట్టి కాకి ఎంగిలి చేసి చాక్లెట్ ముక్క ఇచ్చుకోవడం వాళ్ళకి ఎవరు నేర్పారు? జామకాయ సగం చేసే పని ఒకరికి, ముందు ఎంచుకునే హక్కు ఇంకొకరికి ఇచ్చి చూడండి.

టీచర్ చెప్పేది ఒకటి, ఆయమ్మ చేసేది ఒకటి

మీరు చెప్పులు తనే వేసుకోవాలంటారు, ఆయమ్మ ఆలస్యమవుతోందని తొడిగేస్తుంది. ఆయమ్మ తప్పేం లేదు, ఆమెకి ఎవరూ చెప్పలేదు. నెలకోసారి పది నిమిషాలు కూర్చుని ఏవి పిల్లలు చేయాలో, ఏవి మనం చేయాలో మాట్లాడుకోండి. ఇంట్లో "వాడు కొడితే నువ్వూ కొట్టు" అని చెప్పి పంపే తల్లిదండ్రులతో వాదించకండి. "టీచర్‌కి చెప్పు అనండి, నేను చూసుకుంటాను" అనండి. పిల్లవాడు వచ్చి చెప్పినప్పుడు నిజంగా చూడండి. ఒక్కసారి "పోరా, చాడీలు చెప్పకు" అన్నారంటే వాడు ఇంట్లో చెప్పినట్టే చేస్తాడు.

మిగతావి

పొద్దున గేటు దగ్గర ఏడుపు: అమ్మ చెప్పకుండా జారుకోవడం వల్లే ఎక్కువ. టాటా చెప్పి, మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్పి వెళ్ళమనండి. అన్నం తిన్నాక వస్తాను అంటే చాలు.

వెనక నుంచి పిలిస్తే పలకడు, చెవి కారుతుంటుంది: వినికిడి పరీక్ష చేయించమనండి. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వస్తాయి, వాళ్ళకి చూపించవచ్చు.

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని, అతి చురుకుదనం సమస్య) ఏమో అన్న అనుమానం: అది డాక్టర్ చెప్పాల్సిన మాట, స్టాఫ్‌రూంలో తేల్చేది కాదు.

అన్నీ బాగా నడిచి హఠాత్తుగా పాడైతే క్యాలెండర్ చూడండి. దసరా సెలవుల తర్వాత గది మళ్ళీ జూన్‌లో ఉన్నట్టే ఉంటుంది. బ్యాగు ఎక్కడ పెట్టాలో, ఎవరి పని ఏమిటో మొదటి మూడు రోజులూ మొదటి నుంచి నేర్పండి. ఆ మూడు రోజులు సిలబస్ పక్కన పెట్టేయండి. సంక్రాంతి తర్వాతా అంతే.